శుక్రవారపు నీటి వంతు

మా ఫిగీగ్ ఒయాసిస్సులో నేల ఒకరిది, నీటి వంతు మరొకరిది కావచ్చు. వంతును గడియల లెక్కన కొంటారు, అమ్ముతారు. నా భార్య యమ్నా జబ్బుపడిన ఏడాది, శుక్రవారం ఉదయం నాకున్న ముప్పావు గంట వంతును ఖర్జూరాల వ్యాపారి మఅమ్మర్‌కు అమ్మివేశాను. ఆమె దక్కలేదు. ఆమె నాటిన ఖర్జూరపు పిలక మాత్రం చెట్టయి, అరుదుగా పడే వానల మీద పదకొండేళ్ళు ప్రాణం నిలుపుకొన్నది.

మఅమ్మర్ తోటల్లో చెట్లెక్కి పూతకు పుప్పొడి అద్దిన నాలుగేళ్ళ కూలి నాకు రావలసి ఉన్నది. చలికాలం చివర ఒక మధ్యాహ్నం అతడే వచ్చాడు.

"సీ బూజియాన్, డబ్బు లేదు. నీ శుక్రవారం నువ్వే తీసుకో. కాగితం రాయించాను."

"నువ్వు బాకీపడ్డ మిగతావాళ్ళ మాటేమిటి?"

"దుకాణం మునిగిందయ్యా. వాళ్ళొచ్చి మీద పడేలోగా నీదన్నా నువ్వు పట్టుకుపో."

కాగితం అందుకున్నాను. ఆ శుక్రవారం మడిలోకి నీరు జారిన చప్పుడు విని, పొలిమేరకు వచ్చిన మనిషికి ఎదురేగినట్లు లేచి నిలబడ్డాను. ఆరు వారాలకు చెట్టు రెండు పూగెలలు వేసింది.

అంతలో మఅమ్మర్ దివాలా తీశాడు. అతని ఆస్తి చూడమని న్యాయస్థానం నియమించిన అధికారి నా తోటకు వచ్చాడు.

"మునిగేముందు ఒక్కరికే కట్టబెట్టింది చెల్లదు పెద్దయ్యా. వంతు వేలం వేసి అందరికీ పంచాలి."

"నీళ్ళు మట్టి తాగేసింది నాయనా. మట్టిని పిండి ఇమ్మంటావా?"

అతడు నవ్వాడు. "తాగింది మీదే. రాబోయే శుక్రవారాలే అందరివీ. అతను మునిగాడని మీకప్పుడు తెలియదంటే మాత్రం జడ్జిగారు మీకే వదిలేయొచ్చు. ఆ మాటే అడుగుతారు."

తెలియదు. ఆ ఒక్క మాటతో యమ్నా చెట్టు బతుకుతుంది. దారి పొడవునా దానినే నోట నానబెట్టుకొంటూ న్యాయస్థానానికి వెళ్ళాను.

బల్ల మీద నా పక్కన రబ్హా కూర్చున్నది. మఅమ్మర్‌కు ఖర్జూరాలు ఏరి పెట్టెలకెత్తిన పదకొండుమంది ఆడవాళ్ళకు ఆమె పెద్ద. రెండు కోతల కూలి వారికి రాలేదు.

"నీ చెట్టు పూసిందటగా సీ బూజియాన్! మా పొయ్యి ఇంకా పూయలేదు."

"ఎగతాళా, రబ్హా?"

"కాదు, కడుపుమంట. నీ చోట ఉంటే నేనూ పట్టుకుపోయేదాన్నే."

ఆమె నిందించి ఉంటే బహుశా అబద్ధమాడి ఉండేవాణ్ణి. న్యాయమూర్తి అడిగినప్పుడు నా నాలుక దానంతట అదే తిరిగింది.

"తెలుసు. అందరికంటే ముందు తీసుకోమన్నాడు, తీసుకున్నాను."

వంతు వేలానికి వెళ్ళింది. వచ్చిన సొమ్ము పంచితే రబ్హా బృందానికి రావలసిన కూలిలో పదోవంతు దక్కింది, నాకూ అంతే.

ఇప్పుడు శుక్రవారపు నీరు నా గట్టు ఒరుసుకొంటూ వేరొకరి తోటకు పోతుంది. దప్పికకూ, నమాజు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికీ మాత్రం ఎవరూ కాదనరు.

మొన్న ఆ దారిన పోతూ రబ్హా ఆగింది. "ఆ కాళ్ళేవో చెట్టు మొదట్లోనే కడుక్కోరాదూ, పిచ్చి మనిషీ! ఎవరడగొచ్చారు?"

అలాగే చేశాను. జానెడు మేర మట్టి నల్లబడి, నమాజు ముగిసేసరికి తెల్లబారింది. వేరు ఇంకా ఎంతో లోతున ఉన్నది. వచ్చే శుక్రవారం దాకా నా చెవులు కాలువ వైపే ఉంటాయి.