మోరీ మీద దిగొద్దు

సుక్కమ్మ ముప్పై ఏళ్ల వయసులో సైకిలు నేర్చుకోవడం చూసి ఊరంతా ముక్కున వేలేసుకుంది. వేలేసుకోక ఏం చేస్తుంది పాపం! అంతవరకు ఆ ఊళ్లో ఆడమనిషి సైకిలు వెనక క్యారేజీ మీద కూర్చోవడమే పెద్ద విడ్డూరం. అలాంటిది, మొగుడు ఎల్లస్వామి పోయి నెల తిరక్కుండానే ఆమె అతని సైకిలు బయటికి తీసింది. చీర గోచి పెట్టి కట్టుకుని, కోత అయిపోయిన జొన్నచేలో పడుతూ లేస్తూ తొక్కింది. మోకాళ్లు చెక్కుకుపోయాయి, మోచెయ్యి వాచింది. గట్టు మీద చేరి నవ్వేవాళ్లు నవ్వారు. ఆమె ఒక్కరి మొహం కేసి కూడా చూడలేదు.

"గా సైకిలు మీన పోయే కదనే నా కొడుకు సచ్చింది! మల్ల నువ్వెక్కుతవా?" అని అత్త గోపమ్మ నెత్తి కొట్టుకుంది.

"సైకిలేం జేసింది అత్తా?" అంది సుక్కమ్మ, మోకాలికి పసుపు రాసుకుంటూ. "నల్లగొండకు నడిసిపోతె పొద్దు నెత్తి మీనికి వస్తది. గప్పటికి దవాఖానల పని ఇంకొకలకు ఇస్తరు. మనిద్దరం ఏం తిని బతుకుదం?"

ఎల్లస్వామి నల్లగొండలోని మిషను దవాఖానలో గాయాలకు కట్టే గుడ్డలు ఉతికి ఉడకబెట్టే పని చేసేవాడు. అతను పోయాక డాక్టరమ్మ జాలిపడి ఆ పని సుక్కమ్మకు ఇచ్చింది. జాలి ఉంది కదా అని ఆలస్యంగా వస్తే ఊరుకోదు. పొద్దున్నే కట్లు మార్చే వేళకు ఉడికిన గుడ్డలు సిద్ధంగా ఉండాల్సిందే. ఊరికీ నల్లగొండకూ మధ్య మూడు కోసుల సడక్, దాని మీద వాగు దాటడానికి చిన్న వంతెనలాంటి ఒక ఇరుకు మోరీ. ఆ మోరీ మీదే ఎల్లస్వామి ప్రాణం పోయింది.

ఎట్లా పోయిందో చెప్పాలంటే ముందు దొర సంగతి చెప్పాలి. ఆ ఊళ్లో దొర ఎదురుపడితే, సైకిలు మీద పోయేవాడు ఎవడైనా సరే దిగాలి. చెప్పులు విడిచి, సైకిలు పట్టుకుని బాట పక్కన తల వంచుకుని నిలబడాలి. దొర కారు లేపిన దుమ్ము అణిగాక గానీ మళ్లీ ఎక్కకూడదు. కమ్యూనిస్టుల సంఘం వచ్చి దొరను ఊళ్లోంచి తరిమిన రెండేళ్లూ ఎవడూ దిగలేదు. ఎల్లస్వామి అయితే దొర ఉండే గడీ ముందు నుంచి పనున్నా లేకపోయినా గంట కొట్టుకుంటూ పోయేవాడు. తర్వాత పోలీసు యాక్షన్ జరిగింది. నిజాం రాజ్యం పోయింది, రజాకార్లు పోయారు, ఇక దొర కూడా పోయినట్టే అనుకున్నారు అమాయకులు. దొర పోలేదు. హైదరాబాదు నుంచి నెత్తిన ఖద్దరు టోపీ పెట్టుకుని అదే కారులో దిగాడు. సైకిళ్లు దిగండని ఈసారి ఎవరూ దండోరా వెయ్యలేదు. వెయ్యాల్సిన పని పడితే కదా! జనం కాళ్లు వాటంతటవే దిగడం మొదలుపెట్టాయి.

ఆ రోజు సుక్కమ్మ జ్వరానికి మందు తెచ్చుకుందామని ఎల్లస్వామి వెనక క్యారేజీ మీద కూర్చుని వెళుతోంది. మోరీ సగం దాటారు. వెనక మోటారు చప్పుడైంది. "దొర!" అంటూ ఎల్లస్వామి గబుక్కున దిగాడు, ఆమెను దింపాడు, సైకిలును సడక్ వైపు పట్టుకుని తల వంచాడు. వచ్చింది దొర కాదు, కంట్రాక్టరు రాళ్ల లారీ. ఆగకుండా తొక్కుకుంటూ పోయి ఉంటే మోరీ దాటేవాళ్లే. లారీవాడు కూడా సైకిలు పోతూనే ఉంటుందనుకున్నాడు. రాళ్ల బరువుతో ఉన్న బండికి బ్రేకు వేసేసరికి లారీ పక్కచెక్క సైకిలు హ్యాండిలును కొట్టింది. ఎల్లస్వామి ఎగిరి వాగులో బండల మీద పడ్డాడు. మోరీ పిట్టగోడకు అతుక్కుపోయిన సుక్కమ్మ బతికింది.

ఊళ్లో ఒకడు లారీవాడు తాగి ఉన్నాడన్నాడు, ఇంకొకడు గండం అన్నాడు. ఎందుకు పోయాడో సుక్కమ్మ కళ్లారా చూసింది. దిగినందుకు పోయాడు.

ఆ ఊరి నుంచి రోజూ నల్లగొండకు సైకిళ్ల మీద పోయేవాళ్లు ఇంకో ఆరుగురున్నారు. నూనె మిల్లులో పనిచేసే భీమయ్య వాళ్లందరికీ పెద్ద. బజార్లో కుట్టుమిషను పెట్టుకున్న యాదగిరి కూడా అందులోనే. సుక్కమ్మ పనికి బయలుదేరిన మొదటి రోజు వాళ్ల వెనకే పోయింది. దారిలో మోటారు చప్పుడైందో లేదో ఆరుగురూ ఒక్కసారే దూకి, సైకిళ్లు ఒకదానికొకటి తగులుకుంటూ సడక్ అంచున గుంపుగా నిలబడ్డారు. లారీ ఒకటి వాళ్లను రాసుకుంటూ పోయింది. తీరా చూసుకుంటే సుక్కమ్మ కాలు కూడా నేల మీదే ఉంది. తన కాలిని చూసి తనకే అసహ్యం వేసింది. మొగుణ్ణి మింగిన అలవాటు తన ఒంట్లో కూడా కాపురం పెట్టిందని ఒళ్లు మండిపోయింది.

"మామా," అంది భీమయ్యతో అక్కడే, "ఇంకోపారి నేను దిగ. మీరు గూడ దిగద్దు."

భీమయ్య తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "నీకేం బిడ్డా, అంటవు. నన్ను గడీల కట్టేసి కొట్టినప్పుడు నువ్వు జూడలే. ఇప్పటికీ ఈపు మోపి పండుకోలేను. దొర బండి వస్తుంటె దిగకపోతె, వీడు ఇంక సంఘంలనే ఉన్నడని పోలీసోళ్లకు పట్టిస్తడు. ఎనక వచ్చే బండి ఎవనిదో మనకేం ఎర్క?"

"దొర పట్టిస్తడో లేదో నాకెర్క లేదు మామా. లారీ మాత్రం పట్టియ్యది, సంపుతది. ఎల్లస్వామి దొరకు దిగి లారీకి పోయిండు. మల్ల మీలో ఎవరో ఒకరు పోతరు. గప్పుడు గా ఇంటామె గూడ నా లెక్కనే సైకిలు నేర్సుకోవాలె."

ఆ మాట ఆరుగురికీ సూటిగా తగిలింది. ఎవరి ఇల్లాలు వాళ్లకు గుర్తొచ్చింది కాబోలు.

తర్వాత వారం రోజులు సుక్కమ్మ వాళ్ల చెవుల్లో జోరీగలా అదే మాట పోరింది. గుంపుగా పోవద్దు, ఒకరి వెనక ఒకరు సడక్ ఎడమ అంచున పోదాం అంది. ఇద్దరి మధ్య ఇంకో సైకిలు పట్టేంత జాగా వదలమంది. మోరీ ముందు ఒక్క క్షణం ఆగి వెనక్కి చూడాలి. బండి దగ్గర్లో ఉంటే పోనిచ్చి ఎక్కాలి. ఒకసారి ఎక్కాక మాత్రం బ్రహ్మదేవుడు వచ్చినా దిగకూడదు. అందరికన్నా చివర తాను ఉంటానంది. చివర ఉండడం అంటే ఏమిటో వాళ్లకు తెలుసు కాబట్టి భీమయ్య ఒప్పుకోలేదు. "అన్నిటి కన్న ముందల మీకు భయం పుడ్తది మామా, నాకు కోపం పుడ్తది. కోపమున్నదే ఎనక ఉండాలె," అని ఆమె నోరు మూయించింది.

దూరం నుంచే లారీవాళ్లకు కనబడాలంటే సైకిళ్ల వెనక ఏదైనా కట్టాలన్నాడు యాదగిరి. "ఎర్రగుడ్డ అయితే మస్తుగ కనబడ్తది. నా కాడ ముక్కలున్నయి."

భీమయ్య పై ప్రాణాలు పైనే పోయాయి. "ఎర్రగుడ్డనా! సుత్తె కొడవలి గూడ కుట్టు, నీ పీడ వదుల్తది!"

అందరూ పడీ పడీ నవ్వారు. ఎన్నాళ్లకో ఆ సడక్ మీద నవ్వు వినిపించింది. చివరికి సుక్కమ్మ డాక్టరమ్మను అడిగి, కట్లకు పనికిరాకుండా చిరిగిపోయిన తెల్లగుడ్డలు తెచ్చింది. ఒక్కో సైకిలు వెనకా ఒక్కో పేలిక కట్టారు. నల్లగొండ పొలిమేర నాకా దగ్గర సిపాయి ఆపి, ఇదేం జెండా అని అడిగాడు. యాదగిరి తనకొచ్చిన ఉర్దూలో, జెండా కాదు సాబ్, మమ్మల్ని తొక్కొద్దని లారీలకు దండం, అని చెప్పాడు. సిపాయి నవ్వి పొమ్మన్నాడు.

భీమయ్య మొదట్లో రెండుసార్లు దిగాడు. సుక్కమ్మ వయసు కూడా చూడకుండా తిట్టింది. ఆ తర్వాత దిగలేదు. లారీవాళ్లు కూడా ఈ వరసకు అలవాటుపడ్డారు. తెల్లగుడ్డలు కనబడగానే వేగం తగ్గించి, మోరీ దగ్గర వాళ్లు దాటేదాకా ఆగేవాళ్లు. ఒకడైతే కిటికీలోంచి చెయ్యి కూడా ఊపేవాడు. అయితే వచ్చేవన్నీ లారీలు. దొర ఏదో పంచాయితీ మీద హైదరాబాదులో ఉన్నాడు. ఆయన తిరిగొచ్చి సడక్ మీద తగిలిన రోజు తమ కాళ్లు ఏం చేస్తాయో ఏడుగురిలో ఒక్కరికీ తెలియదు.

ఆ రోజు రానే వచ్చింది. మాఘమాసపు పొద్దు, చలి ఇంకా విడవలేదు. మోరీ ముందు ఆగి చూశారు, సడక్ ఖాళీగా ఉంది. వరసగా ఎక్కారు. భీమయ్య మోరీ మధ్యకు చేరాడో లేదో వెనక మలుపులోంచి హారను వినిపించింది. రబ్బరు బుర్ర నొక్కితే బాతు అరిచినట్టు మోగే ఆ హారను ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. ముందు రోజు రాత్రే ఊరు చేరిన దొర కారు.

సుక్కమ్మ వెనక్కి చూడలేదు. ముందు పోతున్న వీపులు ఒక్కొక్కటే కుంచించుకుపోవడం చూసింది. యాదగిరి తల తిప్పాడు. భీమయ్య కుడికాలు పెడల్ మీంచి లేచింది. ఆ కాలు సీటు దాటి ఇవతలికి వచ్చిందంటే అతను ఆగుతాడు, వెనకవాళ్లు అతని మీద పడతారు, మోరీ నిండా సైకిళ్లూ మనుషులూ కుప్పపడతారు. చివరన ఉన్న ఆమె కారు మూతి ముందు నిలబడాలి. ఎల్లస్వామి నిలబడ్డ చోటే.

"మామా! దిగకు!" గొంతు చించుకుని అరిచింది. "మోరీ మీన దిగకు! నీ ఎనక నేనున్న, తొక్కు!"

భీమయ్య కాలు గాలిలోనే ఆగింది. సైకిలు అటూ ఇటూ ఊగింది. తర్వాత ఆ కాలు మెల్లగా వచ్చి పెడల్ మీద పడింది. అతను తొక్కాడు. అతని వెనక అందరూ తొక్కారు.

కారు ఇప్పుడు సుక్కమ్మ వెనకే ఉంది. పక్కకు దాటి పోవడానికి జాగా లేదు. హారను వీపు మీద మోగుతోంది. భయం వేయలేదంటే అబద్ధం. పుట్టినప్పటి నుంచి వంగిన నడుము మళ్లీ వంగుతానని మొరాయించింది. రెండు చేతులతో హ్యాండిలు బిగించి పట్టుకుని, పళ్లు కరుచుకుని, ఎప్పుడూ పోయే వేగంతోనే పోయింది. దొర కారు ఆమె వెనక, ఆమె వేగంతోనే మోరీ దాటింది.

మోరీ దాటాక ఆమె ఎడమకు జరిగింది. కారు పక్కకు వచ్చి, ఆమెతో పాటే మెల్లగా నడిచింది. దొర తల బయటికి పెట్టాడు. టోపీ కొత్తదే గానీ గొంతు పాతదే.

"ఎవతివే నువ్వు? దిగాల్నని తెల్వదా?"

"ఎల్లస్వామి పెండ్లాన్ని దొరా." ఆమె తొక్కడం ఆపలేదు. "దిగినందుకే ఆయన గీ మోరీ మీన సచ్చిండు. నేను దిగ."

"దండం గూడ పెట్టవా?"

"చేతులు ఖాళీ లేవు దొరా. హ్యాండిలు ఇడిస్తె నీ కారు కిందనే పడ్త."

కారు నడుపుతున్న డ్రైవరు మొహం అటు తిప్పుకున్నాడు. దొర మొహం కందిపోయింది. "పొద్దుగూకంగ గడీకి రా. చెప్త నీ సంగతి."

"వస్త దొరా. సైకిలు మీననే వస్త."

కారు ఒక్క ఊపున ముందుకు పోయింది. దుమ్ము లేచి ఏడు సైకిళ్లనూ కప్పేసింది. అయినా ఎవరూ ఆగలేదు. దుమ్ములోనే కళ్లు చికిలించుకుంటూ, వరస తప్పకుండా పోయారు. చాలాసేపటికి ముందు నుంచి, వెనక్కి తిరక్కుండానే, భీమయ్య గొంతు వినిపించింది.

"సుక్కమ్మా!"

"ఏందే మామా?"

"గడీకి నిన్నొక్కదాన్ని పంపుతమనుకున్నవా? అందరం పోదం."

"ఎట్ల పోదమే?"

"గిట్లనే. ఒకరెనక ఒకరం. గడీ దర్వాజ దాకా ఎవ్వడు దిగద్దు."

యాదగిరి గంట కొట్టాడు. అతన్ని చూసి మిగతావాళ్లూ కొట్టారు. మొగుడు పోయిన నాటి నుంచి అత్తను ఓదార్చడానికీ, పని వెతుక్కోవడానికీ, సైకిలు నేర్చుకోవడానికే సరిపోయి, తన కోసం తాను ఒక్కసారి కూడా ఏడవని సుక్కమ్మకు అప్పుడు ఏడుపు ముంచుకొచ్చింది. దిగద్దన్న ఈ మాట ఆ రోజు ఎల్లస్వామికి చెప్పేవాళ్లు ఒక్కరుంటే బతికేవాడు కదా అనిపించింది. కన్నీళ్లకు సడక్ మసకబారింది. ఆగి తుడుచుకోవచ్చు. ఆమె ఆగలేదు. వెక్కివెక్కి ఏడుస్తూనే, ముందు పోతున్న తెల్లగుడ్డ మీద చూపు నిలిపి, నల్లగొండ దాకా తొక్కింది.