మెరెతె అరవయ్యేళ్ళ పాట

లోలన్ దీవిలో మా వైపు ఏ శుభకార్యం జరిగినా పాట రాయాల్సింది ప్రెబెనే. పెళ్ళి కానీ, పసిపిల్ల బాప్తిజం కానీ, చక్కెర ఫ్యాక్టరీలో ఎవరైనా రిటైరవడం కానీ, అందరికీ తెలిసిన పాత వరస ఒకటి తీసుకుని దాని మీద కొత్త మాటలు కట్టి, అచ్చేయించి బల్లబల్లకీ పంచుతాడు. ఎవరి పండగైతే వాళ్ళని ఆ పాటలో నాలుగు వాయించాలి. వాయించినకొద్దీ వాళ్ళు నవ్వాలి. నవ్వకపోతే మర్యాద తెలియని మనిషి కింద జమ.

చెల్లెలు మెరెతె పుట్టినరోజులకి మాత్రం ప్రెబెన్ పెద్దగా బుర్ర బద్దలు కొట్టుకునేవాడు కాదు. సున్నాతో ముగిసే వయసు వస్తే దాన్ని మేం గుండ్రని పుట్టినరోజు అంటాం. మెరెతె కూడా గుండ్రంగానే ఉండేది. ఇంకేం కావాలి? ముప్పయ్యో ఏట "గుండ్రని మనిషికి గుండ్రని పండగ" అని ఎత్తుకున్నాడు. నలభయ్యో ఏట అదే, యాభయ్యో ఏట అదే. పాడిందే పాడరా పాచిపళ్ళ దాసరీ అన్నట్టు ప్రతిసారీ చక్కెర పాకంలో వేయించిన బంగాళాదుంపలు, పంది మాంసం మీద కరకరలాడే తోలు, మూడో ముక్క కేకు. జనం బల్లలు చరిచి మరీ పాడేవాళ్ళు. అందరికంటే గట్టిగా మెరెతె నవ్వేది.

మెరెతె నక్స్కోవ్ నుంచి మారిబోకి బస్సు నడుపుతుంది. భర్తతో ఎప్పుడో విడిపోయింది, పిల్లల్లేరు. ఆమధ్య పగలు కూడా కళ్ళు మూతలు పడుతుంటే డాక్టరు దగ్గరికి వెళ్ళింది. నిద్రలో ఊపిరి ఆగిపోతోందనీ, దానికి ఒంటి బరువే ముఖ్య కారణమనీ, ఇలాగే ఉంటే బస్సు తోలడానికి ఒప్పుకోరనీ డాక్టరమ్మ చెప్పింది. డైటింగులు మెరెతెకి కొత్త కాదు. తగ్గడం, అంతకు రెండింతలు పెరగడం ఆమెకి అలవాటే. ఈసారి డాక్టరమ్మ వారానికొకసారి వేసుకునే సూదిమందు రాసిచ్చింది. ఏడాదిన్నర తిరిగేసరికి మెరెతె బస్సులో డ్రైవరు సీటు బాగా ముందుకు జరుపుకోవాల్సి వచ్చింది.

అరవయ్యో పుట్టినరోజు ఇంకో మూడు వారాలు ఉందనగా ఆమె అన్నకి ఫోన్ చేసింది.

"ప్రెబెన్, నా పాట నువ్వే రాస్తున్నావా?"

"అది నువ్వు అడక్కూడదు. పండగ మనిషికి పాట సంగతి తెలియకూడదు. అంతమాత్రం తెలీదా?"

"తెలుసు. అందుకే అడగట్లేదు, చెప్తున్నా. ఈసారి అందులో తిండి ఉండకూడదు. నా ఒళ్ళు ఉండకూడదు. ఒక్క ముక్క వినపడినా లేచి వెళ్ళిపోతాను. క్రిస్మస్‌కి మీ ఇంటికి కూడా రాను."

"ఇప్పుడు సన్నబడ్డావుగా. ఇంకా ఎందుకే అంత రోషం?"

"సన్నబడ్డాకే వచ్చింది రోషం. ఇంతకుముందు దానికి తీరికెక్కడిది?"

ఫోన్ పెట్టేసింది. చెల్లెలు ఉత్తినే బెదిరించే రకం కాదని ప్రెబెన్‌కి తెలుసు. మొగుడితో కూడా ఒకసారే చెప్పింది, రెండోసారి సూట్‌కేసు సర్దింది. ఉన్న ఒక్కగానొక్క తోబుట్టువు. ఆమె రాని క్రిస్మస్ ఎలా ఉంటుందో ఊహించుకుని ప్రెబెన్ కాసేపు బెంగపడ్డాడు. కానీ కవి కదా, బెంగ ఎంతసేపు ఉంటుంది? తిండి వద్దంది, ఒళ్ళు వద్దంది. సూది వద్దనలేదు కదా అని తట్టింది. తట్టిందే తడవు ఎనిమిది చరణాలు సూది మీద దంచేశాడు. రాసినవాటిలో తనకి బాగా నచ్చిన రెండు పాదాలు భార్య ఉల్లాకి చదివి వినిపించాడు.

"ఫ్రిజ్జులో వెన్నా సూదీ పక్కపక్కనే,
వెన్న కరగలేదు, మెరెతె కరిగెనే."

ఉల్లా ఇస్త్రీ చేస్తోంది. ఇస్త్రీ ఆపలేదు.

"ఒళ్ళు వద్దంది కదా ఆవిడ?"

"ఇందులో ఒళ్ళెక్కడుంది? సూదే ఉంది."

"ఆ సూది ఎక్కడ గుచ్చుకుంటుంది? గోడకా?"

ప్రెబెన్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అయితే ఏం రాయమంటావు?" అన్నాడు చివరికి.

"నన్నడుగుతావేంటి? నీ చెల్లెలు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నావు. ఏదో ఒకటి రాయి."

ఆ మధ్యాహ్నం ప్రెబెన్ కొత్త కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. మెరెతె బస్సు నడుపుతుంది, అని రాశాడు. తరవాత? ఆమెకి ఏ రంగు ఇష్టం? తెలీదు. సెలవుల్లో ఎక్కడికి వెళ్తుంది? మొన్నెప్పుడో చెప్పింది, వినలేదు. మొగుడితో ఎందుకు విడిపోయింది? అడగలేదు. ఏ విందులో ఎన్నిసార్లు వడ్డించుకుందో మాత్రం సంవత్సరాలతో సహా చెప్పగలడు. ఊళ్ళో పాలవ్యాన్ డ్రైవరు రిటైరైతే అతని గురించి పన్నెండు చరణాలు రాసినవాడు, సొంత చెల్లెలి గురించి ఒక వాక్యం దగ్గర ఆగిపోయాడు. అతనికి సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువగా భయం వేసింది.

ఆదివారం పొద్దున సైకిలెక్కి మెరెతె ఇంటికి వెళ్ళాడు. పాట సంగతి పండగ మనిషితో మాట్లాడటమంటే మా దగ్గర చేయకూడని పని. ఆ మాటకొస్తే ప్రెబెనే ఇంతకుముందు ఇద్దరు ముగ్గుర్ని దానికోసం తిట్టి ఉన్నాడు.

మెరెతె తలుపు తీసి, అన్న మొహం చూసి, "ఎవరు పోయారు?" అంది.

"ఎవరూ పోలేదు. నీ గురించి ఏం రాయాలో తెలీట్లేదు."

ఆమె నవ్వింది. విందుల్లో నవ్వే నవ్వు కాదు, చిన్నది.

"లోపలికి రా. కాఫీ పోసుకో. ఇవాళ నా సూది రోజు."

వంటింట్లో ఫ్రిజ్ తలుపులోంచి పెన్నులాంటిది ఒకటి తీసింది. చేతులు కడుక్కుని, దాని మొనకి కొత్త సూది బిగించింది. వెనక మీట తిప్పి మోతాదు చూసుకుంది. చొక్కా కాస్త పైకెత్తి, బొడ్డుకి దూరంగా గుచ్చి, మీట నొక్కి, పెదాల్లోనే అంకెలు లెక్కపెట్టుకుని తీసేసింది. వాడిన సూది పచ్చ డబ్బాలో పడింది. ప్రెబెన్ కాఫీ ఇంకా నోటి దాకా రానేలేదు.

"అంతేనా?"

"అంతే. దోమ ఇంతకంటే గట్టిగా కుడుతుంది."

"ఊళ్ళో అందరూ దీన్ని అడ్డదారి అంటున్నారు."

"అందరూ అంటే నువ్వా?"

"నేను కూడా, కొంచెం."

"అడ్డదారైతే ఏడాదిన్నర పడుతుందా? చిన్న మోతాదుతో మొదలుపెట్టి నెలనెలా కాస్తకాస్త పెంచారు. పెంచిన ప్రతిసారీ వారం పది రోజులు వికారం. ఒకసారి మారిబో బస్టాండులో చెత్తబుట్ట వాటేసుకుని నిలబడ్డా, తెలుసా?"

"తెలీదు," అన్నాడు ప్రెబెన్. ఆ మాట ఈ వారంలో అతనికి బాగా అలవాటైంది.

"అసలిది ఏం చేస్తుంది?" అని అడిగాడు.

"కడుపు నిండిందని పేగులు మెదడుకి కబురు పంపుతాయట. నాకు ఆ కబురు సరిగ్గా అందేది కాదు. ఈ మందు దాన్ని గట్టిగా అందిస్తుంది. కడుపు కూడా నిదానంగా ఖాళీ అవుతుంది. అంతవరకే దాని పని. మిగతాది నేను చేసుకోవాలి. చేపా, గుడ్లూ, చిక్కుళ్ళూ తినాలి. లేకపోతే కొవ్వుతోపాటు కండ కూడా పోతుందని డాక్టరమ్మ పోరు. అందుకే జిమ్‌కి వెళ్ళి బరువులెత్తుతున్నా."

"ఇంకెన్నాళ్ళు?"

"చాన్నాళ్ళే. ఆపేస్తే చాలామందికి ఆకలి మళ్ళీ వచ్చేస్తుందట. రక్తపోటు మాత్రలు నువ్వు ఆపుతున్నావా? ఇదీ అంతే అనుకో."

ప్రెబెన్ తలూపాడు. ఇదంతా పాటలోకి వచ్చేది కాదు. అతను వెతుక్కుంటూ వచ్చింది ఇది కాదు కూడా. మెరెతెకి అది తెలిసినట్టుంది. ఎదురుగా కూర్చుంది.

"ఒక సంగతి చెప్తా. మందు మొదలైన కొత్తలో ఒకరోజు బస్సు నడుపుతుంటే ఉన్నట్టుండి అంతా నిశ్శబ్దమైపోయింది. ఇంజన్ ఆగిపోయిందనుకుని బస్సు పక్కకి తీశాను. వెనక కూర్చున్న ముసలావిడ ఏమైందమ్మా అని అడిగింది. ఇంజన్‌కేం కాలేదు. ఆగింది నా తలలో రొద."

"ఏం రొద?"

"తిండి రొద. పొద్దున ఏం తిన్నా, మధ్యాహ్నం ఏం తినాలి, ఇంట్లో ఏం మిగిలింది, ఎవరైనా చూస్తారా. చెవిలో జోరీగలా అదే. చిన్నప్పటి నుంచీ ఉంది కాబట్టి అందరి తలల్లోనూ అలాగే ఉంటుందనుకున్నా. మీరంతా ఓర్చుకుంటున్నారు, నాకే ఓర్పు లేదు అనుకున్నా."

ప్రెబెన్ కప్పు కింద పెట్టాడు.

"నా యాభయ్యో పుట్టినరోజుకి పాట రాశావు కదా," అంది మెరెతె. "అది ఎలా ఉందో నాకు తెలీదు."

"అదేంటి? అందరికంటే గట్టిగా నవ్వింది నువ్వే."

"పక్కవాళ్ళు నవ్వినప్పుడల్లా నవ్వాను. నా కళ్ళు దుంపల గిన్నె మీద ఉన్నాయి. ఇంకోసారి వడ్డించుకుంటే అందరూ చూస్తారు. ఊరుకుంటే గిన్నె వంటింట్లోకి పోతుంది. మీరు పాడినంతసేపూ నాకు అదే ఆలోచన. నువ్వు నా కోసం రాసిన పాట ఒక్కటి కూడా నేను వినలేదు, ప్రెబెన్. ఇంటికొచ్చాక కాగితం తీసి చదువుకునేదాన్ని. చదివాక, తెచ్చుకున్న కేకేదైనా ఉంటే అదీ తినేసేదాన్ని."

ప్రెబెన్ ముందు కవిగా బాధపడ్డాడు. అన్నగా బాధపడటానికి ఇంకాస్త సమయం పట్టింది. కానీ ఆ రెండో బాధ వచ్చాక మొదటిది చాలా చిన్నదైపోయింది. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. ఇన్నేళ్ళూ ఆ కాకి తనేనని అతనికి అప్పుడు అర్థమైంది.

"మరి ఏం రాయను?"

"నాకేం తెలుసు? నా తల ఖాళీ అయి ఏడాది దాటింది, అంతే. నాకేం ఇష్టమో నేనే ఇంకా వెతుక్కుంటున్నా."

పుట్టినరోజు విందు ఊరి సమావేశ మందిరంలో జరిగింది. పొడవాటి బల్లలు, వాటి మీద చిన్న చిన్న జెండాలు. మాంసం, దుంపలు ఒక చుట్టు తిరిగాక ప్రెబెన్ పాట కాగితాలు పంచాడు. మెరెతె తన కాగితం తెరవలేదు. పళ్ళెం పక్కకి జరిపి, కుర్చీని అన్న వైపు తిప్పుకుని కూర్చుంది. ఆమె చేతి సంచి ఒళ్ళోనే ఉంది. కోటు కుర్చీకి తగిలించి ఉంది. ఉల్లా అది చూసి మొగుడి కాలు తొక్కింది.

కాగితం చూసుకున్న జనం గుసగుసలాడారు. మూడే చరణాలు. మూడూ ప్రశ్నలే. అయినా వరస తెలిసిందే కాబట్టి అందరూ ఎత్తుకున్నారు. ప్రెబెన్ గొంతు అన్నిటికన్నా పైన.

"మెరెతె, మెరెతె, చివరి మనిషి దిగిపోయాక
ఖాళీ బస్సులో నువ్వేం చేస్తావు?"

మా పాటల్లో చరణానికీ చరణానికీ మధ్య ఆగడం ఉండదు. ప్రెబెన్ చెయ్యెత్తి ఆపాడు. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మెరెతె గొంతు సవరించుకుంది.

"అద్దం దించుతా," అంది. "బీటు దుంపలు తవ్వే రోజుల్లో తడిమట్టి వాసన వస్తుంది. దానికోసం నిదానంగా పోతా. డిపోలో చెప్పకండి."

బల్లల చుట్టూ నవ్వులు లేచాయి. రెండో చరణం ఎత్తుకున్నారు.

"మెరెతె, మెరెతె, నాన్న నన్ను పడవెక్కిస్తే
ఒడ్డున ఒక్కదానివీ నువ్వేం చేశావు?"

ఆ పడవ సంగతి బంధువులకి తెలుసు. వేసవిలో ప్రతి ఆదివారం నాన్న కొడుకుని పడవలో తీసుకెళ్ళేవాడు. కూతురికి చోటు లేదనేవాడు. ఎందుకు లేదనేవాడో కూడా అందరికీ తెలుసు. ఎవరూ నవ్వలేదు.

"ఈదేదాన్ని," అంది మెరెతె. "మీరు కనుమరుగయ్యాక నీళ్ళలోకి దిగి అవతల రెల్లు దుబ్బుల దాకా ఈది, మీరొచ్చేలోపు తిరిగొచ్చేదాన్ని. జుట్టు తడిసి ఉండేది. ఎందుకు తడిసిందని మీలో ఎవరూ అడగలేదు."

ప్రెబెన్‌కి కాగితం మీద అక్షరాలు అలుక్కుపోయాయి. చెల్లెలికి ఈత వచ్చని అతనికి ఆ నిమిషం దాకా తెలీదు. మూడో చరణంలో మిగతావాళ్ళ గొంతులు తగ్గాయి. చివరికి అతనొక్కడే పాడుతున్నట్టయింది.

"మెరెతె, మెరెతె, ఇన్నేళ్ళకి అడుగుతున్నా,
ఈ పాట నువ్వు వింటున్నావా?"

"వింటున్నా," అంది మెరెతె. "ప్రెబెన్, నీకు శ్రుతి లేదు."

హాలంతా ఒక్కసారిగా పగలబడి నవ్వింది. ప్రెబెన్ శ్రుతి తప్పి పాడతాడని దీవిలో తెలియనివాళ్ళు ఇద్దరే. ఒకడు ప్రెబెన్, రెండోది ఇన్నాళ్ళూ మెరెతె. అతని మొహం చెవుల దాకా ఎర్రబడింది. నవ్వులు తగ్గాక బల్లలు దాటుకుంటూ వెళ్ళి, చెల్లెలి పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"ఎక్కడ తప్పింది?" అని అడిగాడు.

"మొదట్నుంచీ," అంది మెరెతె. "మళ్ళీ పాడు, వింటాను."