తోడుగా ఒక మనిషి

కాలరు ముందు. లోపలి వైపు ఒకసారి, తిప్పి పైవైపు ఒకసారి, కొసల నుంచి మధ్యకి. మధ్య నుంచి మొదలుపెడితే ముడత కొసకి చేరి అక్కడే ఉండిపోతుంది. ఆ తర్వాత చేతుల పట్టీలు, చేతులు, భుజాలు, చివరికి వెన్ను. ఈ వరస బాబాయి చేతికి మనసుతో పని లేకుండా వచ్చేస్తుంది. ఎడమచేత్తో ఇస్త్రీపెట్టె, కుడిచేత్తో బట్ట. కాలి కింద మీట నొక్కితే బల్లలోంచి ఆవిరి బుస్సుమని లేచి మొహాన్ని కప్పి, పైకప్పు రేకుల్ని అంటుకుని, చినుకులై మళ్లీ మెడ మీదే రాలుతుంది.

ఈ చొక్కా ఎవరిదో అతనికి తెలియదు. ఊళ్లో సగంమంది చొక్కాలు అతని చేతి కింద నుంచి వెళ్లాయి గానీ మొహాలు ముందు గదిలో కౌంటరు దగ్గరే ఆగిపోతాయి. వెనక గదిలోకి వచ్చేవి బట్టలు మాత్రమే. ఎవరి భుజం ఒక పక్కకి ఒరుగుతోందో, ఎవరి పొట్ట బొత్తాం దగ్గర గుడ్డని లాగుతోందో అతనికి తెలుసు. ఎదురుపడితే మాత్రం ఒక్కరినీ గుర్తుపట్టలేడు.

ఎప్పుడో అన్న కొడుకు షాపుకి వచ్చి గుమ్మంలోంచి "బాబాయ్!" అని కేకేశాడు. ఆ రోజు నుంచి అందరికీ అదే పేరైంది. ఓనరుకీ బాబాయే, ఇతనికన్నా పెద్దవాడైన ఓనరు తండ్రికీ బాబాయే.

చొక్కాని హ్యాంగరుకి తగిలించబోతూ ఆగాడు. ఛాతీ మీద ఎవరో అరచెయ్యి ఆనించినట్టు బరువు. పెట్టెని నిలబెట్టి, బల్ల అంచు పట్టుకుని, ఆవిరి తగ్గేదాకా చూస్తున్నట్టు నిలబడ్డాడు. బరువు మెల్లగా దిగింది. ఇంకో చొక్కా తీశాడు.

నిన్న గుండె డాక్టరు అడిగింది ఇలాంటి వాటి గురించే.

"చెమటలు పడుతున్నాయా?"

"పొద్దుట్నించి సాయంత్రం దాకా పడుతూనే ఉంటాయండి."

"ఎడమచెయ్యి లాగుతోందా?"

"పెట్టె పట్టేది ఆ చేత్తోనేనండి."

"ఆయాసం?"

"ఆవిర్లో ఎవరికైనా వస్తుంది కదండీ."

డాక్టరు పెన్ను మూసి బల్ల మీద పెట్టాడు. "మీ జబ్బుకి మీ పని బాగా కాపలా కాస్తోందండీ" అన్నాడు. తర్వాత ఈసీజీ కాగితం ఇటు తిప్పి, గీతలో ఒక పల్లం మీద వేలు పెట్టాడు. "ఇది చూడండి. మీకు ఎప్పుడో ఒకసారి గుండెపోటు వచ్చి వెళ్లింది."

"నాకాండీ?"

"మీకే."

"ఎప్పుడండీ?"

"అది మీరే చెప్పాలి. కాగితం మచ్చ చూపిస్తుంది గానీ తారీకు చూపించదు."

అంతకుముందు చీకటి గదిలో పక్కకి తిరిగి పడుకోబెట్టి, ఛాతీకి చల్లని జిగురు రాసి స్కాను తీశారు. తెర మీద తన గుండెని తనే చూశాడు. ఒక గోడ దగ్గరికొచ్చి పిండుతోంది. ఎదుటి గోడ తడిగుడ్డలా ఊరికే వేలాడుతోంది. ఆ రిపోర్టు చదివి డాక్టరు, "పంపింగు ముప్పై ఐదు శాతం" అన్నాడు.

ఆ మాట విన్నాక బాబాయికి కొంచెం ధైర్యం వచ్చింది. పదో తరగతి లెక్కల్లో అతనికి ముప్పై ఐదు ఎప్పుడూ రాలేదు. రాసిన ప్రతిసారీ నాలుగో అయిదో తక్కువే. ముప్పై ఐదంటే గట్టు. ఇన్నాళ్లకి, చదవకుండానే, గుండెకి ఆ మార్కులు వచ్చాయి. మంచి గుండెకైనా నూరు రాదనీ, అరవై ఉంటే బాగున్నట్టనీ డాక్టరు చెబుతూనే ఉన్నాడు. ఆ మాటలు చెవి దాకా వచ్చాయి గానీ లోపలికి వెళ్లలేదు.

"ఇవాళే చేరండి. సన్న గొట్టం పంపి రక్తనాళాల్లో అడ్డు ఎక్కడుందో చూడాలి. మీతో ఎవరొచ్చారు? సంతకం పెట్టాలి, రెండ్రోజులు దగ్గరుండాలి."

బాబాయి పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూశాడు. "రేపు తీసుకొస్తానండి."

"ఇంట్లో ఎవరూ లేరా?"

"ఉన్నారండి."

డాక్టరు ఆ జవాబుని నమ్మినట్టు కనిపించలేదు. "సరే, రేపు పొద్దున్నే. ఈలోగా ఛాతీ పట్టేసినా, దవడలోకి నొప్పి పాకినా, చల్లటి చెమట పట్టినా మాత్రం తోడు కోసం చూడొద్దు. ఒక్కరైనా సరే వచ్చెయ్యండి."

అలా ఇవాళ అతనికి రెండు పనులు పడ్డాయి. బుట్టలో బట్టలు పూర్తి చెయ్యాలి. చీకటి పడేలోగా ఒక మనిషిని అడగాలి. బట్టల పని తేలిక.

ముందు గదిలోకి వెళ్లి కౌంటరు పక్కన నిలబడ్డాడు. ఓనరు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని చీటీలు చూస్తున్నాడు.

"రేపు సెలవు కావాలండి."

"రేపా! చంపేశావ్ బాబాయ్. బ్యాంకు వాళ్ల యూనిఫారాలన్నీ రేపే."

"ఆస్పత్రికండి. గుండెకి."

ఓనరు ఫోను దించేశాడు. "ఏమన్నారు?"

"ముప్పై ఐదు వచ్చిందండి."

"నూటికా? అయితే పాసే! నాకు అన్ని సబ్జెక్టుల్లోనూ అవే. చూడు, షాపు నడపట్లా?" పెద్దగా నవ్వాడు. బాబాయి కూడా నవ్వాడు. ఆ నవ్వు ఆగగానే అడిగెయ్యాలనుకున్నాడు. 'ఎవరైనా ఒక మనిషి' అనే మాట నాలుక మీదే ఉంది. ఫోను మళ్లీ మోగింది.

"వెళ్లిరా బాబాయ్, ఏం పర్లేదు. ఎల్లుండికి మాత్రం వచ్చెయ్."

ఓనరు చెడ్డవాడు కాడు. అడిగితే పంపేవాడేమో. అడగని దాన్ని ఇవ్వలేదని ఎవరిని అనగలం?

మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని అన్న కొడుక్కి ఫోను చేశాడు. వాడు వేరే ఊళ్లో ఉంటాడు.

"బాబాయ్! ఇప్పుడే నీ గురించే అనుకున్నా, నూరేళ్లు నీకు!" ఎప్పుడు చేసినా వాడి మొదటి మాట ఇదే. "ఎలా ఉన్నావ్?"

"నాకేంరా, గుండ్రాయిలా ఉన్నా. రేపు నువ్వు…"

"రేపు పాపకి పరీక్ష బాబాయ్. ఇంట్లో కురుక్షేత్రం. అదిగో, వినపడుతోందా?"

వినపడుతోంది. పిల్ల ఏడుపు, తల్లి అరుపు, గిన్నె ఏదో కింద పడ్డ చప్పుడు. ఇంటి నిండా మనుషులుంటే చప్పుడు ఇలాగే ఉంటుంది కాబోలు.

"సరేరా. కొట్టకుండా చదివించండి" అని పెట్టేశాడు.

తను పెళ్లి చేసుకోనని ఎవరితోనూ ఒట్టు వేయలేదు. సంబంధాలు చూసే వయసులో అమ్మ మంచాన పడింది. అమ్మ పోయాక సంబంధం తెచ్చేవాళ్లు లేరు. వాయిదా పడ్డ పని పడ్డట్టే ఉండిపోయింది, అంతే.

తినడం అయ్యాక కూడా లేవలేదు. డాక్టరు మాట పంటి కింద రాయిలా తగులుతోంది. గుండెపోటు వచ్చింది ఏ రోజు? పరదాల మూటలు మేడ ఎక్కించిన రోజా? కడుపులో మంట అనుకుని రాత్రంతా నిద్రపోని రోజా? భగవంతుడు వచ్చి ఒక మనిషి గుండె మీద చెయ్యి వేసి వెళ్లాడు. ఆ మనిషికే తెలియలేదు. వచ్చినవాడు ఒక మాట చెప్పి వెళ్లకూడదా? లేక చెప్పే ఉంటాడా, ఆవిరి చప్పుడులో తనకే వినపడలేదా? తప్పు పట్టడానికి కాదు, తెలుసుకుందామనే బాబాయి ఆలోచించాడు.

వెనక గదిలో కిటికీ పక్కన మరకలక్క పని చేస్తుంది. సిరా, నూనె, తుప్పు, టీ, ఏ మరకైనా చిన్న బ్రష్షుతో, నాలుగు సీసాల మందుతో వదిలిస్తుంది. ఆమె బాబాయి కన్నా చిన్నది. అయినా ఇతను "అక్కా" అంటాడు, ఆమె "బాబాయ్" అంటుంది. ఈ చుట్టరికం ఎటు నుంచి లెక్కపెట్టినా తేలదు.

అతను లోపలికి రాగానే ఆమె తలెత్తకుండానే అంది. "చెప్పు పట్టీ వాచిన కాల్లోకి దిగిపోయింది, చూసుకున్నారా?"

"నిలబడే పని కదా అక్కా."

"నేను మాత్రం ఉయ్యాల్లో ఊగుతున్నానా? నా కాళ్లు చూడండి, కొంగకాళ్లు. ఏమన్నాడు డాక్టరు?"

"ముప్పై ఐదు. పాసే. రేపు మళ్లీ రమ్మన్నాడు."

"పాసైతే మళ్లీ రమ్మన్నదెందుకు, దండ వెయ్యడానికా?" బ్రష్షు ఆపింది. "మా అత్తకి నలభై ఐదు వచ్చినప్పుడే ఉప్పు డబ్బా అటక ఎక్కించారు. అప్పుడు ఆవిడ కాళ్లు ఇలాగే ఉండేవి. ఇది మార్కుల లెక్క కాదు బాబాయ్."

బాబాయి పెట్టె మీట వెయ్యలేదు. గదిలో ఆవిరి చప్పుడు లేకపోవడంతో అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "నాకు ఒకసారి గుండెపోటు వచ్చి వెళ్లిందట అక్కా. ఎప్పుడొచ్చిందో నాకే తెలియట్లేదు."

ఆమె పక్కనున్న సీసాకి మూత పెట్టింది. తర్వాత మెల్లగా అంది. "నీలం గీతల చొక్కా కాల్చిన రోజు."

"నేనెప్పుడూ చొక్కా కాల్చలేదు."

"కాల్చారు. వెన్ను మీద పెట్టె పెట్టి అలాగే నిలబడిపోయారు. పిలిస్తే పలకలేదు. మొహం సున్నం కొట్టినట్టుంది. నేనే వచ్చి పెట్టె ఎత్తేశాను. బయటికెళ్లి మెట్ల పక్కన వాంతి చేసుకున్నారు. సోడా తాగొచ్చి గ్యాసన్నారు. మళ్లీ పనిలో పడ్డారు."

సోడా గుర్తొచ్చింది. గొంతులో గుచ్చుకున్న చల్లదనం గుర్తొచ్చింది. చొక్కా గుర్తురాలేదు.

"లేత మచ్చే. మందు పెట్టి నేనే తీసేశాను. ఎవరికీ చెప్పలేదు."

"నాకైనా చెప్పాల్సింది."

"చొక్కా కాల్చని చెయ్యి అని పదిమందికీ చెప్పుకుంటారు. దాన్నెందుకు పాడుచెయ్యడం అనుకున్నా." చేతిలోని బ్రష్షుని అనవసరంగా తుడిచింది. "నేనూ గ్యాసే అనుకున్నా బాబాయ్. మరకైతే చూడగానే తెలుస్తుంది నాకు. ఇది తెలియలేదు."

బాబాయికి కోపం రాలేదు. తనకే తెలియకుండా పోయిన ఆ రోజు ఎక్కడో గాల్లో కలిసిపోలేదు. ఇన్నాళ్లూ ఆమె దగ్గర భద్రంగా ఉంది. ఆ రోజు తనని ఒక మనిషి చూసింది.

"రేపు ఎవరొస్తున్నారు మీతో?"

"చూస్తున్నా."

"చూస్తున్నా అంటే? అదేమన్నా సినిమానా?"

"సంతకం పెట్టాలట. దగ్గరుండాలట."

"నాకు సంతకం వచ్చు" అంది మరకలక్క.

బాబాయి పక్కకి తిరిగి పెట్టె తడిమాడు. అది చల్లగా ఉంది. "మీరు నాకేమవుతారని అడుగుతారు అక్కడ."

"అక్కనంటాను. లేకపోతే కూతుర్నంటాను. ఏది నోటికి ముందొస్తే అది. ఇప్పుడే పోదాం పదండి."

"రేపు పొద్దున్న రమ్మన్నాడు. ఈ బుట్ట మిగిలిపోతుంది. మీరూ ఇంట్లో చెప్పుకోవాలి కదా."

"బుట్టదేముంది, బుట్ట!" అంది గానీ ఇంట్లో చెప్పాలన్న మాట దగ్గర ఆమె తగ్గింది. "తెల్లారగానే మీ గదికొస్తా. తయారుగా ఉండండి. నన్ను వీధిలో నిలబెట్టకండి."

సాయంత్రం దాకా అతను పని చేశాడు. ఆఖరి చొక్కా తగిలించి, పెట్టె ఆపి, బల్ల మీద చేత్తో నిమిరి కళ్లకద్దుకున్నాడు. ఇంటికి పోతూ దారిలో రెండుచోట్ల ఆగాడు. ఒకచోట చెప్పుల షాపు అద్దంలోకి, ఇంకోచోట తాళాల షాపు అద్దంలోకి, కొనబోయేవాడిలా చూస్తూ ఊపిరి కూడదీసుకున్నాడు.

అతని గది మేడ మెట్ల కింద ఉంది. ఒక మంచం, ఒక పొయ్యి, ఒక చిన్న ఇస్త్రీపెట్టె, గోడకి దేవుడి పటం. సంచి సర్దడానికి చాలాసేపు పట్టింది. మధ్యమధ్య మంచం మీద కూర్చుంటూ, లేస్తూ సర్దాడు. అన్నీ అయ్యాక దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. ఇవాళ ఏమీ అడగాలనిపించలేదు. అడగాల్సింది మధ్యాహ్నమే దొరికింది.

మంచానికి ఆనుకుని కూర్చున్నాక మెడ తడిగా తగిలింది. తుడుచుకుంటే మళ్లీ తడి, చల్లగా. కిటికీ తెరిచే ఉంది. గదిలో ఆవిరి లేదు, చేతిలో పెట్టె లేదు. ఈ చెమటకి చెప్పడానికి అతని దగ్గర కారణమేమీ లేకపోయింది. దవడలోకి నొప్పి పాకింది. తోడు కోసం చూడొద్దన్న డాక్టరు మాట గుర్తొచ్చింది. ఫోను చేతిలోకి తీసుకున్నాడు. ఆవిడ ఇప్పుడే నడుం వాల్చి ఉంటుంది. పొద్దస్తమానం నిలబడ్డ మనిషి. తెల్లారితే ఎలాగూ వస్తుంది. ఇన్నేళ్లలో అతని కోసం ఒకరు వస్తానన్న పొద్దు ఇదొక్కటే. దాని దాకా ఆగుదామనుకున్నాడు. లేచి తలుపు గడియ తీశాడు, ఆవిడ వీధిలో నిలబడక్కర్లేకుండా. వచ్చి దిండుకి చేరగిలబడ్డాడు.

పొద్దున్న మరకలక్క వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. "బాబాయ్" అంది. తోసి మళ్లీ "బాబాయ్" అంది. అతను గుమ్మం వైపే మొహం పెట్టి ఉన్నాడు. చల్లబడ్డ నుదుటి మీద చెయ్యి వేసింది, వెంటనే తీయలేదు. చెప్పాల్సినవాళ్లు ఎవరని తడుముకుంటే ఓనరు తప్ప ఎవరూ తోచలేదు. ఫోను చేసి, మాట తడబడకుండా చెప్పి, మంచం అంచున కూర్చుంది.

కాళ్ల దగ్గర సంచి నోరు తెరిచి ఉంది. అడుగున అతని తువ్వాలు, రెండు చొక్కాలు, అతుకు వేసిన పాత దుప్పటి, స్కాను రిపోర్టు కవరు. వీటన్నిటికీ పైన, విడిగా ఒక తెల్ల కాగితంలో చుట్టి, ఇంకో దుప్పటి ఉంది. కాగితం తీసి దాన్ని ఒడిలో పెట్టుకుంది. కొత్తది, ఎప్పుడో కొని వాడకుండా దాచినట్టుంది. ఆస్పత్రిలో రోగికి మంచం ఇస్తారు, తోడు వచ్చినవాళ్లు కిందే పడుకోవాలి. ఇంట్లోని చిన్న పెట్టెతో, నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేసినట్టున్నాడు. ఒక మూల చుక్కల జాడ ఇంకా పూర్తిగా ఆరలేదు. ఆమె దాన్ని విప్పలేదు. నాలుగు మడతల దుప్పటి ఒడిలో ఉంది, అంచుకి అంచు కలిసి, ఎక్కడా ఒక్క ముడత లేకుండా.