రేఖ సాలు, రూతమ్మ నవల

గద్వాల చుట్టుపక్కల, సంకర విత్తనం కోసం పెంచే సీడు పత్తి చేలల్లో మధ్యాహ్నం దాటితే ఒకటే పని. రేపు పూయబోయే మొగ్గలను వెతికి, గోటితో తొక్క గిల్లి, లోపలున్న పుప్పొడి కేసరాలన్నీ ఒలిచెయ్యాలి. చేతులకు తీరిక లేదు గానీ చెవులు ఖాళీయే. అందుకే భీమన్న చేలో ఆడవాళ్లు ఒక ఏర్పాటు చేసుకున్నారు. డిగ్రీ చదివే రేఖ, లైబ్రరీ నుంచి తెచ్చిన నవలను పైకి చదువుతూ వెంట నడవాలి. ఆమె సాలును మిగతా నలుగురూ పంచుకోవాలి.

నవలలో ఒకామె మొగుడు బొంబాయికి పనికి పోయి తిరిగి రాడు. వారం రోజులు అందరూ ముక్కు చీదుకుంటూ విన్నారు. ఆ తర్వాత కథలో ఆమె ఎదురుచూడటం తప్ప ఇంకేమీ జరగలేదు. ఒక్కొక్కరే ఫోన్లో పాటలకు మళ్లారు. చివరికి రేఖకే విసుగొచ్చింది. పుస్తకం సంచిలో పడేసి తన సాలు తాను పట్టుకుంది.

ఆ నలుగురిలో రూతమ్మకు మాత్రం ప్రాణం ఉసూరుమంది. ఆమె భర్త పాల్ పుణె పోయి నాలుగేళ్లు. మొదట్లో ఫోన్ చేసేవాడు, ఇప్పుడు ఆ నంబరే పనిచెయ్యదు. అక్షరం ముక్క రాని రూతమ్మకు, నవలలో మనిషి ఇల్లు చేరతాడో లేదో అన్నదే ధ్యాస. ఎవరి పిచ్చి వారికి ఆనందం అంటారు, ఈమెకు ఆ ఆనందం కూడా లేదు.

"బిడ్డా, నీ సాలు మొత్తం నేనే చేస్త. జర చదువు," అంది.

"ఏం లేదత్తా అండ్ల. చదివిందే మల్ల చదివినట్టుంది."

"ఉండనీ. నీ కాళ్లు మొక్కుత."

పెద్దామె అంత మాటంటే రేఖ ఏం చేస్తుంది? పుస్తకం తీసింది. రూతమ్మ అటో మొగ్గ, ఇటో మొగ్గ గిల్లుతూ రెండు సాళ్ల మధ్య నడిచింది. నడుము విరిగిపోతున్నా ఊ కొడుతూనే ఉంది. రెండు పేజీలు అయ్యాయో లేదో, రేఖ గొంతు ఉన్నట్టుండి హుషారయింది.

"ఇగ ఒకనాడు పొద్దుగాల ఆయన వొచ్చిండు. ఇద్దరు సల్లగ బతికిండ్రు. అయిపోయిందత్తా."

"స్తోత్రం ప్రభువా!" రూతమ్మకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. పుస్తకాన్ని ఒకసారి ముట్టుకుందామని చెయ్యి చాచింది. రేఖ వేలు ఇంకా పేజీల మధ్యే ఉంది. ఇవతల ఎంత మందమో అవతలా అంతే మందం. చదువు రాకపోతేనేం, ఆ మాత్రం కనపడదా?

"వొచ్చిండంటివి గద బిడ్డా. మరి ఇన్ని కాయితాలల్ల ఏముంది?"

రేఖ తల వంచుకుంది. "తెల్వదత్తా. నీ బాధ సూడలేక చెప్పిన. ఇగ నాతోని కాదు."

రూతమ్మకు కోపం రాలేదు. వచ్చినా ఎవరి మీద చూపిస్తుంది? చదవడానికి మనసు లేనిదాన్ని ఎన్నాళ్లని బతిమాలుతుంది? పుస్తకం తీసుకుని మిగిలిన పేజీలు ఒక్కొక్కటే తిప్పింది. అన్నిటి నిండా నల్లగా అక్షరాలు. ఆయన వచ్చిందీ రానిదీ వాటిలోనే ఎక్కడో రాసి ఉంది, ఆమె కళ్ల ముందే ఉంది.

పుస్తకం రేఖకిచ్చేసి మళ్లీ వంగింది. మాట ఇచ్చింది గనక, రేఖ సాలు కూడా చివరిదాకా తనే గిల్లింది.