అరుగు దాకా బస్సు

ముందు మాట ఇచ్చేసి తర్వాత తల పట్టుకోవడం శేషాద్రికి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఈసారి మాట ఇచ్చింది కన్నతల్లికి గనక పట్టుకోవడానికి ఒక్క తల చాలలేదు.

తొంభై నాలుగు శ్రావణంలో ఆయన చెల్లెలు హైమ కూతురు మధుమితకు నగరిలో పెళ్లి. మేనమామగా మద్రాసు నుంచి సారెతో, చుట్టాలతో నలభై ఎనిమిది మందిని వెంటబెట్టుకుని కదలాలి. రెండు వ్యాన్లు మాట్లాడితే ఎవరు దేంట్లో ఎక్కాలన్న గొడవతోనే ముహూర్తం దాటిపోతుంది. చింతాద్రిపేటలోని తన వాళ్ల సంగతి ఆయనకు బాగా తెలుసు. అందుకని ఎగ్మూరులో సుందరం అనే ట్రావెల్స్ ఆయన దగ్గర యాభై సీట్ల వీడియో కోచ్ ఒకటి మాట్లాడాడు. అంతవరకు బాగానే ఉంది.

చిక్కంతా తల్లి చెంగమ్మతో వచ్చింది. ఆమెకు డెబ్బై ఆరేళ్లు. ఏడాదిన్నర కిందట స్నానాల గదిలో జారిపడి తుంటి విరిగితే డాక్టర్లు లోపల కడ్డీ వేసి నిలబెట్టారు. కర్ర పట్టుకుని ఇంట్లో నాలుగడుగులు వేస్తుంది, ఎత్తు కుర్చీలో కూర్చుంటుంది. నడుము వంచి ఆటోలోనో కారులోనో దూరడం ఆమెవల్ల కాదు, వీధి చివరిదాకా నడవడం అంతకంటే కాదు. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం ఎత్తుకుపోతాం లెమ్మన్నాడు శేషాద్రి. ఆమె మొహం గంటు పెట్టుకుంది.

"ఈ వీధిలో నలుగురు నన్ను మోసుకుపోయేది ఒక్క తూరే రా. అది నేనెట్లా చూడను. దానికి ముందు ఇంకో తూరి ఒద్దు. మీరు పోయి రాండి, నేను ఈడనే ఉంటా."

మధుమితను ఆరో తరగతి దాకా తన దగ్గరే పెట్టుకుని, తలంటి, జడలేసి పెంచింది చెంగమ్మే. ఆమె లేకుండా ఆ పిల్ల పెళ్లి జరగడమా అనుకున్నాడు శేషాద్రి. ఆ ఊపులో నోరు జారాడు. "నిన్నెవురూ ఎత్తరమ్మా. బస్సు మన అరుగు దాకా వస్తాది. నీ కాళ్లతో నువ్వే ఎక్కు."

చెంగమ్మ వెంటనే కోడలు భువనేశ్వరిని పిలిచి పెట్టెలోంచి ముదురెరుపు అరక్కు రంగు పట్టుచీర తీయించింది.

సుందరం ఈ మాట విని నవ్వనైనా నవ్వలేదు. "మీ సందు నాకు తెలుసు సార్. సైకిల్ రిక్షా వచ్చినా మనుషులు గోడకు ఒదగాల. ఇంత పెద్ద బండి ఎట్లా వస్తుంది? కుదరదు సార్, ముడియాదు" అని తన అరవ తెలుగులో తేల్చేశాడు. శేషాద్రి కదలకుండా కూర్చునేసరికి విసిగిపోయి, బయట బెంచీ మీద టీ తాగుతున్న డ్రైవర్ని పిలిచాడు. ఆయన ఒప్పుకుంటే తనకేమీ అభ్యంతరం లేదన్నాడు.

డ్రైవర్ పేరు మోసెస్. తొండియార్‌పేట మనిషి, పొట్టిగా ఉంటాడు, నలభై అయిదు దాటి ఉంటాయి. హార్బర్‌లో పద్నాలుగేళ్లు ట్రెయిలర్ లారీలు వెనక్కి తోసి తోసి ఈ మధ్యనే బస్సుల్లోకి వచ్చాడు. అంతా విని సందు ఎంత వెడల్పని అడగలేదు.

"పెద్దమ్మది ఏ కాలు సార్, దెబ్బ తగిలింది?"

"ఎడమది."

"మీ అరుగు ఎంత ఎత్తుంటాది?"

శేషాద్రికి తెలియదు. యాభై రెండేళ్లుగా పొద్దునా సాయంత్రం ఎక్కి దిగుతున్న అరుగే, ఎత్తెంతో ఎన్నడూ చూడలేదు. "సరి, నేనే వచ్చి చూసుకుంటా" అన్నాడు మోసెస్. శేషాద్రికి ఆ మనిషి మీద ఆ రోజు పెద్ద నమ్మకమేమీ కుదరలేదు.

ప్రయాణానికి ముందురోజు సాయంత్రం మోసెస్ ఒక వెదురు గడ భుజాన వేసుకుని నడిచి వచ్చాడు. గడను బస్సు వెడల్పుకు ఒక జానెడు కలిపి కోసుకొచ్చాడట. సందు మొదట్లో నుంచి అడుగడుక్కీ దాన్ని శేషాద్రి ఇంటి వరస అరుగులకు ఆనించి, రెండో కొస ఎక్కడికి వస్తే అక్కడ చాక్‌పీసుతో నేల మీద ఒక చుక్క పెట్టుకుంటూ పోయాడు. శేషాద్రి ఇల్లు ఏడోది. అది దాటి ఇంకో బస్సు పొడుగునా చుక్కలు పెట్టి, వెనక్కి వచ్చి అరుగు ఎత్తును జానలతో కొలిచాడు.

"మీ అరుగు బండి రెండో మెట్టుకు సరిగ్గా వస్తాది పెద్దమ్మా. మొదటి మెట్టుతో మీకు పనే లేదు."

వీధి ఆడవాళ్లందరూ అప్పటికే అరుగుల మీద చేరారు. మోసెస్ వాళ్లకు దణ్ణం పెట్టి, ఎంతో మర్యాదగా అడిగాడు. "అక్కా, రేపు బండిని ఎనక్కి తోసుకొస్తా. నా పక్క చక్రం ఏడ పోవాల్నో అద్దంలో నాకు కనపడాల. చాక్‌పీసు మసక చీకట్లో కనపడదు. చుక్కలు నేను పెట్టినా, గీత మీరు కలపాల. ముగ్గుతో."

ఇంజనీర్లు, సర్వేయర్లు అని పెద్ద పేర్లు చెప్పుకుంటాం. నేల చూడకుండా కబుర్లాడుతూ, రెండు వేళ్ల సందున పిండి జారవిడుస్తూ, గీత చెక్కుచెదరకుండా లాగేవాళ్లు మన ఇళ్ల ముందే రోజూ వంగుని ఉంటారు. వాళ్ల చేతికి అలాంటి పని కూడా ఒకటి ఉంటుందని ఇంత వయసొచ్చినా శేషాద్రికి తట్టలేదు. తట్టినవాడు ట్రెయిలర్ తోలుకునే మోసెస్.

తెల్లవారుజామున నాలుగున్నరకే చాక్‌పీసు చుక్కలు చెరక్కుండా సందంతా పలచగా నీళ్లు చల్లి సిద్ధం చేశారు. పొడి పిండి వద్దు, టైరు గాలికి లేచిపోతుంది, బియ్యం నానేసి రుబ్బి తడిపిండి వెయ్యమని చెంగమ్మ రాత్రే కబురు పెట్టింది. ఎవరింటి ముందు వాళ్లు గీసి పక్కింటి గీతకు కలపాలని ఏర్పాటు. ఎదురెదురు పడితే మొహాలు తిప్పుకునే వాళ్లు కూడా ఆ పూట కొంగులు దోపి ఒకరి గీత ఒకరు అందుకున్నారు. మూడో ఇంటి మునియక్క అరుగు వీధిలోకి మూరెడు పొడుచుకొచ్చి ఉంటుంది. అక్కడ గీత మెల్లగా పక్కకు ఒరిగి, దాటాక మళ్లీ మెల్లగా సర్దుకోవాలి. మునియక్క ఊపిరి బిగపట్టి ఒకే ఊపున లాగింది. అరుగు మీద ఎత్తు కుర్చీలో పట్టుచీర కట్టుకుని కూర్చున్న చెంగమ్మ కళ్లు చిట్లించి చూసింది.

"బాగుండాదే మునీ" అన్నది. ముగ్గుల విషయంలో ఆమె నోట ఆ మాట రావడం ఆ వీధిలో ఎవరూ ఎరగరు. మునియక్క సిగ్గుతో ఎర్రబడింది.

అయిదుంబావుకు బస్సు సందు మొదటికి వచ్చి వీపు తిప్పింది. అంత పెద్ద బండిని చూడగానే శేషాద్రి దాని వెనక్కి పరుగెత్తాడు. తాను వెనక నిలబడి "రైట్, రైట్" అని అరుస్తూ తట్టాలని ముందే అనుకున్నాడు. మోసెస్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"మీరు అరుగెక్కి నిలబడండి సార్. మీరు అరిస్తే నా చెవి మీ పక్కకు వస్తాది. నాకు అద్దం చాలు."

బస్సు వెనక్కి కదిలింది. హారన్ లేదు, అరుపు లేదు. ఇళ్ల మధ్య వేలాడే కేబుల్ టీవీ వైర్లను మగవాళ్లు దండేల కర్రలతో పైకెత్తి పట్టుకున్నారు. కుడి పక్క వెనక చక్రం తెల్ల గీత అంచునే ఆనుకుని దొర్లుతూ వచ్చింది. మునియక్క అరుగు దగ్గర గీత ఒరిగిన చోట బస్సూ ఒరిగింది, గీత సర్దుకున్న చోట సర్దుకుంది. మోసెస్ ఒక్కసారి కూడా ముందుకు వెళ్లి సరిచేసుకోలేదు. తన గుమాస్తా ఉద్యోగంలో ఒక్క కాగితమైనా ఇంత శుభ్రంగా ముగించి ఉండనని శేషాద్రికి అనిపించింది. ఆ మనిషి చేతులకు దణ్ణం పెట్టాలనిపించింది.

బస్సు తలుపు చెంగమ్మ కుర్చీ ఎదురుగా వచ్చి ఆగింది. అరుగుకూ మెట్టుకూ మధ్య జానెడు ఖాళీ. మోసెస్ ఇంజన్ ఆపి, కొత్త తువ్వాలుతో తలుపు కమ్మీ తుడిచి పక్కకు తప్పుకున్నాడు.

"కుడి కాలు ముందు పెద్దమ్మా."

"నాకు తెలుసులేప్పా."

శేషాద్రి చెయ్యి చాచాడు. చెంగమ్మ దాన్ని చూడనైనా చూడలేదు. కర్ర కోడలికిచ్చి, కమ్మీ పట్టుకుని, కుడి కాలు మెట్టు మీద పెట్టింది. ఒక్క క్షణం అలాగే ఆగింది. వీధి వీధంతా ఆగింది. ఎడమ కాలు నెమ్మదిగా వచ్చి పక్కన చేరింది. మరో రెండు మెట్లు అలాగే ఎక్కి, ముందు సీట్లో కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుంది. శేషాద్రి, భువనేశ్వరి ఆమె వెనకే ఎక్కబోయారు.

"మీకేం వచ్చింది, కాళ్లుండాయి కదా! నడిచి రాండి."

మొగుడూ పెళ్లాలిద్దరూ ఇంటికి తాళమేసి, అరుగు దిగి, బస్సు ముందు నడిచారు.

బస్సు సందులోకి వెళ్లాక వచ్చిన చుట్టాలంతా మెయిన్ రోడ్డు మీద సంచులతో, సారె బుట్టలతో, నిద్ర మొహాలతో నిలబడి ఉన్నారు. ముసలమ్మను ఎప్పుడు మోసుకొస్తారా అని సందు వైపే చూస్తున్నారు. ఆ సందులోంచి, ఎన్నడూ రాని చోటు నుంచి, యాభై సీట్ల బస్సు తాపీగా బయటికి వచ్చింది. నలభై తొమ్మిది సీట్లు ఖాళీ. ముందు సీట్లో ఒక్క చెంగమ్మ. అందరూ కళ్లప్పగించి చూస్తున్నారు. శేషాద్రికి కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

చెంగమ్మ కిటికీ అద్దం పక్కకు తోసి, తన ఇంటి పెళ్లికి పిలిచినట్టుగా చెయ్యి ఊపింది.

"ఏందట్లా చూస్తా ఉండారు? ఎక్కండి, ఎక్కండి. సీట్లన్నీ ఖాళీగా ఉండాయి."