తేరని నీళ్లు

నీలం కలిపిన తొట్టిలోంచి దుప్పటిని పైకి లాగి, ఒక కొసను గోడ కొక్కేనికి తగిలించి, రెండో కొసను ముంజేతికి చుట్టుకుని పిండసాగింది గంజక్క. మెలి తిరిగిన కొద్దీ దుప్పటి తాడులా బిగుసుకుంది. దానితోపాటు ఆమె మెడ నరాలూ బిగుసుకున్నాయి. వేళ్ల కొసలు తెల్లగా నాని ముడతలు పడ్డాయి. గోళ్ల పక్కన చర్మం లేచిపోయింది. లాడ్జి వెనక ఈ రేకుల చావడిలోనే ఆమె వయసంతా గడిచింది. ఆమె గంజి పెట్టిన దుప్పటి అట్టలా నిలబడుతుందని ఆ పేరు పెట్టారు. అసలు పేరుతో పిలిచేవాళ్లు ఒక్కొక్కరే పోయారు.

"అక్కా, ఇవాళ సభకు వెళ్తున్నావటగా?" ఇస్త్రీ ఆపకుండానే అడిగాడు పక్క బల్ల దగ్గరి ఇస్త్రీ మనిషి.

"వెళ్లాలి."

"నోట్లో నాలుక లేనిదానివి. అక్కడ ఏం మాట్లాడతావు?"

"నాలుకే ఉంటే ఈ దుప్పట్ల మీద ఎన్ని కథలు చెప్పేదాన్నో!"

అతను పగలబడి నవ్వాడు. ఆమె నవ్వకుండా ఇంకో దుప్పటి అందుకుంది.

కొండ పక్కగా గ్యాసు గొట్టం వేస్తామన్నారు. పోయిన వేసవిలో పరీక్షకని కొండ దిగువన తవ్వారు. అంతలోనే వాళ్ల వీధి బావిలో నీళ్లు బూడిద రంగుకు తిరిగాయి. బిందెలో రాత్రంతా ఉంచినా తేరలేదు. తరవాత ఎప్పటికో నీళ్లు తేరుకున్నాయి గాని ఆమె మనసు తేరుకోలేదు. గొట్టం వద్దంటూ వీధివాళ్లు గుడారం వేస్తే, పని అయ్యాక వెళ్లి చివరి కుర్చీలో కూర్చునేది. ఆమెను ఎవరూ రమ్మనలేదు, వద్దనీ అనలేదు.

తమ్ముడికి మాత్రం అది గిట్టలేదు. ఆ గొట్టం కాంట్రాక్టరు దగ్గరే వాడిది కాపలా పని. తల్లి పోయాక వాడిని ఆమే పెంచింది. పెళ్లి మాట ఎత్తినవాళ్లతో "వీణ్ణి పెద్దవాణ్ణి కానివ్వండి" అనేది. వాడు పెద్దవాడయ్యేసరికి ఆ మాట ఎత్తేవాళ్లే లేకపోయారు. ఇద్దరివీ పక్కపక్క గదులు, మధ్య ఒకటే గోడ. గుడారంలో ఆమెను చూసిన రోజు నుంచి వాడు మాట మానేశాడు. గోడ అవతల వాడి దగ్గు వింటూ, ఇవాళ కాస్త తగ్గినట్టుందే అనుకుంటూ ఆమె ఒక్కతే తినేది.

మధ్యాహ్నం, గొట్టం మీద జనం మాట వినడానికి పెట్టిన సభకు మనుషులు బాగానే వచ్చారు. అధికారులు వేదిక మీద కూర్చున్నారు. వీధివాళ్లు ఒకరి తరవాత ఒకరు మాట్లాడారు. వాళ్లలో ఎవరో "గంజక్కా, నువ్వూ చెప్పు" అని ఆమెను ముందుకు తోశారు.

మైకు దగ్గర నిలబడి తలెత్తేసరికి వాకిట్లో తమ్ముడు కనిపించాడు. కాంట్రాక్టరు మనిషి వాడి చెవిలో ఏదో చెబుతున్నాడు. తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. వద్దంటున్నాడనుకుంది. రెండు చేతులతో మైకు కర్ర పట్టుకుంది.

"మా బావి పాడైంది. ఆ నీళ్లు తాగి మా వీధి పిల్లలకు వాంతులయ్యాయి. నేను బట్టలు ఉతుకుతాను. బట్టకు మురికి పడితే మళ్లీ ఉతుకుతా. తాగినవాళ్లను ఏం చెయ్యమంటారు?"

"మీ పేరమ్మా?" అన్నాడు అధికారి.

అసలు పేరు నోటికి రావడానికి ఆమెకు కాసేపు పట్టింది. చెప్పింది గాని, అప్పటికే తరవాతి మనిషి మైకు అందుకున్నాడు. వాకిలి వైపు చూస్తే తమ్ముడు లేడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వాడు సంచీ భుజాన వేసుకుని గడపలో నిలబడి ఉన్నాడు.

"అక్కా."

ఆ పిలుపు విని ఎన్నాళ్లయిందో. "ఎక్కడికిరా?"

"దూరం వేశారు. సముద్రం పక్కన పనట. బండి వస్తోంది."

"నేను మాట్లాడాననా?"

"కాదు. నిన్ను ఆపమన్నారు. నావల్ల కాదన్నా."

"వద్దని తల ఊపావు కదరా!"

"నీక్కాదక్కా. వాడికి."

ఆమె వాడి సంచీని బయటి నుంచే తడిమి చూసింది.

"దగ్గు మందు పెట్టుకున్నావా?" అంది.

"నా దగ్గు వినబడేదా నీకు?"

"గోడ పలచన."

వాడు తల వంచుకుని చెప్పులేసుకున్నాడు. వీధి చివర బండి హారన్ మోగింది. మలుపు తిరిగేటప్పుడు వాడు ఒకసారి చెయ్యి ఎత్తాడు. ఆమె ఎత్తేలోపు మలుపు ఖాళీ అయింది.

తరవాత చాలా కాలానికి గొట్టాన్ని కొండ అవతలి నుంచి తిప్పారు. గుడారం విప్పేశారు, కుర్చీలు ఎవరివి వాళ్లు పట్టుకుపోయారు. తమ్ముడు మాత్రం గొట్టం పని వెంటే ఊళ్లు మారుతూ పోయాడు, తిరిగి రాలేదు.

ఆ సాయంత్రం అవేవీ ఆమెకు తెలియవు. కంచం ముందు పెట్టుకుని, అలవాటుగా గోడ వైపు చెవి పెట్టింది. ఏమీ వినబడలేదు. కంచం పక్కకు జరిపి పెరట్లోకి వెళ్లింది. తడి ఆరలేదని వదిలేసినట్టున్నాడు, తీగ మీద వాడి చొక్కా ఒకటి వేలాడుతోంది. తనే ఉతుక్కున్నాడు కాబోలు, కాలరు మడతలో జాడించని సబ్బు తెల్లగా నిలిచిపోయి ఉంది.