నిలబడిన రూపాయి

కార్తీకంలో మూడు రోజులు తెరిపి లేకుండా వాన కురిసి, వాగు గట్టు తెగి, బి. మల్లాపురం పక్క పొలాల్లోని బావిమోటార్లన్నీ బురదలో మునిగిపోయిన ఏడు అది. ఆ వరద ఊరికి చేసిన నష్టం అంతా ఇంతా కాదు గానీ, మోటార్లకు రాగితీగ చుట్టే వెంకటేశప్పకు మాత్రం చేతినిండా పని తెచ్చిపెట్టింది. మాఘం పోయి చింతపండు దులిపే రోజులు వచ్చినా, ఆయన కొట్టంలో మునిగిన మోటార్ల వరుస తరగలేదు.

ఆ వరదే ఆయన కూతురు శశికళ ఫోన్‌నూ తడిపింది. నడుములోతు నీళ్లలో బిడ్డను భుజాన వేసుకుని ఇవతలికి వస్తుంటే చీర ఒడిలో దోపుకున్న ఫోన్ నానింది. బియ్యంలో పెట్టి ఆరబెడితే బొమ్మా వెలుగూ అన్నీ తిరిగి వచ్చాయి. ఫోన్ వస్తే కొట్టే వణుకు ఒక్కటే రోజురోజుకూ సన్నగిల్లి, చివరకు ఆగిపోయింది.

ఇంకొకరికైతే అది లెక్కలోకి వచ్చే లోపం కాదు. శశికళ పుట్టు చెవిటి. మొగుడు చంద్రు హోసూరులో కట్టడం పనిలో ఉంటాడు. ఒకటో తరగతి చదివే వాళ్ల బిడ్డ నందితకు ఎప్పుడు వస్తుందో తెలియని ఫిట్స్ ఉంది. వచ్చిన అయిదు నిమిషాల లోపల ముక్కులో మందు కొట్టాలని డాక్టరు చెప్పాడు. ఆ పని చేయడానికి బడిలో ఎవరికీ ధైర్యం చాలలేదు. అందుకని మందు తల్లి ఒడిలో ఉంటుంది. శశికళ చింతపండు కొట్టే షెడ్డు బడికి మూడు నిమిషాల పరుగు దూరం. టీచరు ఇళవరసి ఫోన్ చేస్తుంది, నడుము దగ్గర వణుకు తగలగానే శశికళ పరుగెత్తుతుంది. ఇన్నాళ్లూ అలాగే గడిచింది.

"కడత్తూరులో ఫోనంగడికి తీసుకపో మామా" అంది పక్కింటి పూంగావనం, వెంకటేశప్పతో. ఆమె కూడా ఆ షెడ్డులోనే పనిచేస్తుంది.

"రెండు దినాలు పెట్టిపొమ్మన్నాడు వాడు. అంతవరకు ఆ వెలుగు గూడా ఉండదు గదా?"

"మరి నువ్వే చేస్తావా?"

"లోపల ఉండేది మోటారే గదా. అది తిరిగితే చాలు."

"ఓహో! అయిదు హెచ్‌పీదా, ఏడున్నరదా?" అని పూంగావనం నవ్వింది. "చూసుకో మామా, నీ సుత్తి పిడంత లేదు ఆ ఫోను."

వెంకటేశప్ప తీగ చుట్టుకుంటూ పోయాడు. ఆయన మాట్లాడేదే తక్కువ. పుట్టినప్పటినుంచి మాట వినబడని కూతురిని పెంచిన ఇంట్లో మాటల అవసరమూ అంతగా పడలేదు. ఎగతాళి చేసినా పూంగావనమే ధర్మపురి సంతకు పోయినప్పుడు బస్టాండు దగ్గర ఫోన్లో వేసే కొత్త మోటారు కొని, కాగితంలో చుట్టి తెచ్చిచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం పనికి కూర్చున్నాడు. తీగచుట్టకు పూసిన వార్నీషు ఆరబెట్టే పెద్ద బల్బు కింద ఫోన్‌ను కాసేపు ఉంచితే వెనక అట్ట జిగురు మెత్తబడింది. పల్చటి రేకుతో అట్ట లేపి, బ్యాటరీ తీగ ఊడదీసి, పాత మోటారును సన్న చిమటాతో పట్టి పైకి తీశాడు. చింతగింజలో సగం కూడా లేదు. తుప్పు పట్టి ఇరుసు బిగుసుకుపోయింది. ఇరుసు కొసన ఉన్న బరువు సగం చందమామలా ఒకవైపే ఉంది. మిగతా సగం తుప్పు తినేసిందనుకున్నాడు.

కొత్తది విప్పి చూస్తే దానికీ సగమే ఉంది.

"తూ" అన్నాడు తనలో తాను. నలభై ఏళ్లలో ఇరుసుకు ఒకవైపు బరువున్న మోటారును ఆయన కొట్టం దాటనివ్వలేదు. అలాంటిది అదురుతుంది, బేరింగు తింటుంది, నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది. కొత్త సరుకే ఇంత నాసిగా వస్తే పాతది చెడిపోక ఏమవుతుంది? భూతద్దం కంటికి పెట్టుకుని, ఖాళీ ఉన్న వైపు సీసం చుక్కలు వేసి, సన్న ఆకురాయితో రుద్దాడు. గుండ్రంగా వచ్చేదాకా రుద్దాడు. రెండు గంటలు పట్టింది.

మోటారు తీగలు నేరుగా బ్యాటరీకి తగిలించగానే అది తిరిగింది. చూపుకు అందనంత నున్నగా తిరిగింది. బాగుచేసిన ప్రతి మోటారుకూ పెట్టే పరీక్ష దీనికీ పెట్టాడు. జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి ఫోను మీద అంచున నిలబెట్టాడు. మోటారు తిరుగుతూనే ఉంది. బిళ్ళ పడలేదు. తీగలు వాటి చోట అతికించి, అట్ట మూసి జిగురు పెట్టేశాడు.

సోమవారం పొద్దున శశికళ బయలుదేరుతూ, బాగైందా అన్నట్టు కనుబొమ్మలు ఎగరేసింది. వెంకటేశప్ప రూపాయి బిళ్ళను అరచేతిలో అంచున నిలబెట్టి చూపించి తలూపాడు. నాన్న బాగుచేసింది తిరగబెట్టడం ఆమె ఎన్నడూ చూడలేదు. బయట పూంగావనం తొందరపెడుతూ చెయ్యి పట్టి లాగుతోంది. ఫోన్‌ను ఒడిలో దోపుకుని వెళ్లిపోయింది.

పదకొండు గంటలకు నందిత బడిలో పలక మీద రాస్తూ రాస్తూ పక్కకు ఒరిగింది. ఇళవరసి నాలుగుసార్లు ఫోన్ చేసింది. పోయి పిలుద్దామంటే ఆ పూట బడిలో ఇంకో పెద్దదిక్కు లేదు, బిడ్డను వదిలి కదల్లేకపోయింది. తనకు పనికిరాని మోత అని శశికళ శబ్దం ఎప్పుడో ఆపేసింది. ఒడిలో మోటారు నాలుగుసార్లూ నున్నగా తిరిగి నాలుగుసార్లూ ఆగింది. శశికళ చింతకాయలు కొడుతూనే ఉంది.

టీచరు ఇక ఆగలేక బిడ్డను ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది. సూది వేసేసరికి పదిహేడు నిమిషాలు.

సాయంత్రం బిడ్డను ఇంటికి తెచ్చారు. కళ్లు తెరిచింది, తాతను గుర్తుపట్టింది, నీళ్లు తాగి మళ్లీ నిద్రపోయింది.

"అయ్యా, దేవుడి దయ" అంది ఇళవరసి. "ఇంకొంచెం ఆలస్యమైతే చెప్పలేమన్నారు డాక్టరు. నేను ఎన్నిసార్లు చేశానో ఆ ఫోనులోనే ఉంటుంది చూడండి."

శశికళ ఫోను తెచ్చి తండ్రి అరచేతిలో పెట్టి, పూంగావనం వైపు చూసింది. పూంగావనం తన ఫోను నుంచి కొట్టింది. వెలుగు వచ్చింది. చేతిలో ఏమీ కదల్లేదు. శశికళ తన రెండు చేతులూ ఆయన ముఖం ముందు గడగడా వణికించి చూపింది. తర్వాత ఆయన జేబులోంచి రూపాయి బిళ్ళ లాగి, నిలబెట్టి, వేలితో పడగొట్టింది. ఇంకోసారి నిలబెట్టి, ఇంకోసారి పడగొట్టింది.

పూంగావనం నోట ఎగతాళి రాలేదు. "మామా, అది వణకాల. వణికేదానికే పెట్టింది దాన్ని" అంది మెల్లగా.

వెంకటేశప్ప ఫోను తీసుకుని కొట్టంలోకి పోయాడు. అట్ట మళ్లీ వేడిచేసి లేపాడు. మోటారులో తప్పేమీ లేదు, తను చేసినంత నున్నగా ఉంది. కాలే కడ్డీతో సీసం చుక్కలు ఒక్కొక్కటే కరిగించి తుడిచేశాడు. సగం చందమామ మళ్లీ బయటపడింది. బ్యాటరీ తగిలించగానే చిమటా ఆయన వేళ్లలో ఎగిరిపడింది. బిళ్ళను మీద పెట్టబోతే నిలబడే మాటే లేదు, దొర్లుకుంటూ పోయి మోటార్ల కింద పడింది. దాన్ని ఆయన వెతకలేదు.

అట్ట మూసి, ఫోను కూతురి చేతిలో పెట్టాడు. ఆమె చెంపకు ఆనించుకుని వణుకు చూసుకుంది, ఒడిలో పెట్టుకుంది. తండ్రి ముఖం చూడలేదు.

"బాగయింది" అన్నాడు, ఆమెకు వినపడదని తెలిసీ. తర్వాత మందు బుడ్డి వైపు చెయ్యి చూపి, తన ముక్కు చూపించాడు. శశికళ ఆయన ముందు కూర్చుంది. బుడ్డి తీసి, ఎలా పట్టాలో, ఎంత లోపల పెట్టాలో, ఎక్కడ నొక్కాలో నేర్పింది. ఆయన బుడ్డిని తప్పుగా పట్టుకున్న ప్రతిసారీ చేతిమీద కొట్టి మళ్లీ చూపించింది. ఇంట్లో ఇంకో బుడ్డి ఉంది. దాన్ని ఆయనకు ఇచ్చింది.

మర్నాడు పొద్దున తమ మోటారు ఏమయిందని ఇద్దరు రైతులు వచ్చి చూస్తే కొట్టానికి తాళం వేసి ఉంది. వెంకటేశప్ప చొక్కా జేబులో మందు బుడ్డి పెట్టుకుని, మనవరాలి వేలు పట్టుకుని బడికి పోయి, ఒకటో తరగతి గది కిటికీ కింద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. "ఎందుకయ్యా ఎండలో, ఫోను బాగయిందిగా" అని ఇళవరసి రెండుసార్లు అడిగింది. ఆయన లేవలేదు. సాయంత్రం గంట కొట్టేదాకా అక్కడే ఉన్నాడు.